వంటనూనెకీ విదేశాంగ విధానానికీ ఏమిటి సంబంధం?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



మధ్యాహ్నం అన్నాలయి, గిన్నెలు సర్దుకుని, కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఏ ఆవకాయ కొలతలో, పిల్లల దగ్గుకి ఏ చిట్కానో చెబుతుందనుకుంటే ఈవిడ ప్రపంచ రాజకీయాలు పట్టుకొచ్చిందేమిటా అని విసుక్కుంటున్నారు కదూ! మీ విసుగు నాకు తెలుసు. ప్రజాస్వామ్యం, అంతర్జాతీయ భద్రత, విదేశాంగ విధానం అన్న మాటలు చెవిన పడగానే ఒకప్పుడు నాకూ ఆవులింతలే వచ్చేవి. అవన్నీ మగవాళ్ళు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కాఫీ చల్లార్చుకునే సంగతులని అనుకునేదాన్ని. నా అభిప్రాయం మార్చింది ఒక నూనె పాకెట్టు.

2022 మార్చి నెలాఖరు. ఉగాది ఇంకా నాలుగు రోజులుందనగా సరుకులకి వెళ్ళాను. పొద్దుతిరుగుడు నూనె లీటరు పాకెట్టు మీద ధర చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. రెండు వందల దాపుకి వచ్చి కూర్చుంది. పైగా "మనిషికి రెండు పాకెట్లేనమ్మా" అన్నాడు కొట్టులో అబ్బాయి. "అదేం బాబూ, ఏమొచ్చిపడింది?" అంటే, "యుద్ధం కదమ్మా" అన్నాడు తాపీగా. ఎక్కడో ఉక్రెయిన్‌లో యుద్ధమైతే మా ఇంట్లో బూరెలు వేయించుకోడానికి అడ్డమేమిటి? ఇంటికొచ్చేదాకా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

నిజానికి ఆ యుద్ధం అంతకు నెల ముందే మా గుమ్మంలోకి వచ్చింది. మా పక్కవాటాలో ఉండే వదినగారి అబ్బాయి ఖార్కివ్‌లో వైద్యం చదువుతున్నాడు. ఆ ఊరు రష్యా సరిహద్దుకి దాదాపు 40 కిలోమీటర్ల దూరం. ఫిబ్రవరి 24 తెల్లవారుజామున బాంబులు పడ్డాయి. ఆ తరవాత ఆవిడ ఫోను చేతిలోంచి దించలేదు. పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా పట్టించుకోలేదు. "వాడు మెట్రో స్టేషనులో నేలమీద పడుకున్నాడటండీ, దుప్పటి కూడా లేదట" అని ఒకటే కన్నీళ్ళు. ఆ పిల్లవాడు కిక్కిరిసిన రైళ్ళలో పడి, వెయ్యి కిలోమీటర్లు దాటి, పోలెండు సరిహద్దు చేరి, మార్చి రెండో వారంలో ఇంటికొచ్చాడు. అలా దాదాపు 22,500 మంది మనవాళ్ళని ప్రభుత్వం 'ఆపరేషన్ గంగ' పేరుతో వెనక్కి తెచ్చింది. వాళ్ళలో మన తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. అందరు తల్లులకీ ఆ అదృష్టం దక్కలేదు. అక్కడి దాడుల్లో మన విద్యార్థి ఒకరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇక నూనె సంగతి. మన దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచి వచ్చేదే. అందులో పొద్దుతిరుగుడు నూనె యుద్ధానికి ముందు చాలావరకు ఉక్రెయిన్ నుంచే వచ్చేది. ప్రపంచంలో ఎగుమతి అయ్యే పొద్దుతిరుగుడు నూనెలో దాదాపు సగం అప్పట్లో ఆ ఒక్క దేశానిదే. ఒడెస్సా వంటి రేవుల్లో నూనె ఓడల్లో నింపి నల్లసముద్రం మీదుగా పంపించేవారు. యుద్ధం రాగానే సముద్రంలో మందుపాతర్లు, రేవుల ముందు యుద్ధనౌకలు. ఓడ కదలడానికి లేదు. అది చాలదన్నట్టు తమ దేశంలో నూనె ధర పెరుగుతోందని ఇండొనేషియా ఏప్రిల్ 28 నుంచి పామాయిలు ఎగుమతి ఆపేసింది. మే 23న మళ్ళీ వదిలిందనుకోండి. ఎడ్లు పోట్లాడుకుని లేగల కాళ్ళు విరగదొక్కినట్టు, వాళ్ళు కొట్టుకుంటే మన మూకుళ్ళు ఎండిపోయాయి.

మనకి బూరెలు తగ్గాయి, అంతే. ఈజిప్టు, లెబనాను, సోమాలియా వంటి దేశాల్లో రొట్టె ముక్కకే కరువు వచ్చింది. సోమాలియా దిగుమతి చేసుకునే గోధుమల్లో నూటికి తొంభై వంతులు రష్యా, ఉక్రెయిన్‌ల నుంచే వచ్చేవి. పైగా అక్కడ అప్పటికే అనావృష్టి. చివరికి ఐక్యరాజ్యసమితీ, టర్కీ మధ్యవర్తిత్వం చేసి 2022 జూలై 22న ఇస్తాంబుల్‌లో ఒక ఒప్పందం కుదిర్చాయి. ఆ ఏడాది కాలంలో దాదాపు 3 కోట్ల 30 లక్షల టన్నుల ధాన్యం, నూనె వంటివి ఓడలెక్కాయి. 2023 జూలై 17న రష్యా ఆ ఒప్పందం నుంచి తప్పుకుంది. అంటే ప్రపంచంలో ఎక్కడో ఒక సంతకం పడితే ఒక తల్లి రొట్టె చేయగలిగింది. ఆ సంతకం చెరిగిపోతే మళ్ళీ దిగులు. విదేశాంగ విధానం అనే గంభీరమైన మాటకి అర్థం ఇదేనమ్మా.

అసలీ యుద్ధం ఎలా వచ్చింది? దీని వెనక పెద్ద చరిత్ర ఉంది. అందులో మనకి బాగా అర్థమయ్యే ముక్క ఒకటి చెబుతాను. అది ఒక నోటు కథ.

1991లో సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు ఉక్రెయిన్ స్వతంత్ర దేశమైంది. సోవియట్ కాలంలో అక్కడ మోహరించిన అణ్వస్త్రాలు అక్కడే ఉండిపోయాయి. పెద్ద క్షిపణులకీ విమానాలకీ అమర్చేవే దాదాపు 1,900. ప్రపంచంలో అణ్వస్త్రాలున్న దేశాల్లో దానిది మూడో స్థానమన్నమాట. వాటిని పేల్చే తాళంచెవి మాత్రం మాస్కోలో ఉండేది. "ఆ అస్త్రాలు ఇచ్చెయ్యి, నీ స్వాతంత్ర్యాన్నీ నీ సరిహద్దుల్నీ గౌరవిస్తాం, నీమీద బలప్రయోగం చెయ్యం" అని 1994 డిసెంబరు 5న బుడాపెస్టు నగరంలో అమెరికా, బ్రిటన్, రష్యా సంతకాలు చేశాయి. ఉక్రెయిన్ మాట నిలుపుకుంది. 1996 జూన్ నాటికి ఆఖరి అణ్వస్త్రం కూడా ఆ దేశం దాటింది. ఆ నెలలోనే పెర్వొమాయ్స్క్ అనే చోట, అంతకు ముందు క్షిపణులు దాచిన నేలమీద, అమెరికా, రష్యా, ఉక్రెయిన్‌ల రక్షణమంత్రులు ముగ్గురూ కలిసి మొక్కలు నాటారు. ఏ మొక్కలనుకున్నారు? పొద్దుతిరుగుడు మొక్కలు!

ఈ సంగతి తెలిశాక నూనె పాకెట్టు మీద ఉన్న పసుప్పచ్చ పువ్వు బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఆ ముగ్గురు మంత్రులే గుర్తొస్తారు.

2014లో రష్యా క్రిమియాని కలుపుకుంది. 2022లో ఏకంగా దేశం మీదికే దండెత్తింది. అమెరికా కూటమి తన గుమ్మం దాకా విస్తరించుకుంటూ వస్తోందని రష్యా వాదన. ఆ భయంలో నిజం ఎంత ఉందో పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కాని పొరుగువాడి మీద అనుమానం ఉంటే పంచాయితీ పెట్టుకోవాలి, గోడ దూకి ఇంట్లో పడితే న్యాయమంటామా? మరి ఆ బుడాపెస్టు నోటు ఏమైంది? మనం చేబదులు ఇచ్చేటప్పుడు నోటు రాయించుకుంటాం, జామీను ఎవరని కూడా అడుగుతాం. ఆ నోటులో "గౌరవిస్తాం" అని ఉంది గాని, "ఎవరైనా మాట తప్పితే మేం వచ్చి కాపాడతాం" అని లేదు. భరోసా ఉంది, జామీను లేదు. ఈ గుణపాఠం ఉక్రెయిన్‌తో ఆగదు. అణ్వస్త్రాలు వదిలేసిన దేశానికి ఈ గతి పట్టిందని చూసిన మరో చిన్న దేశం రేపు తన అస్త్రాలు వదులుకుంటుందా? నన్నడిగితే ఆ యుద్ధంలో ప్రపంచమంతటికీ జరిగిన పెద్ద నష్టం ఇదే.

"ఐక్యరాజ్యసమితి ఉందిగా, అదేం చేసింది?" అంటారేమో. 2022 ఫిబ్రవరి 25న భద్రతామండలిలో తీర్మానం పెట్టారు. ఉన్నవి 15 ఓట్లు. 11 దేశాలు దాడిని తప్పన్నాయి. మన దేశం, చైనా, యునైటెడ్ ఆరబ్ ఎమిరేట్స్ తటస్థంగా ఉన్నాయి. కాదన్నది ఒక్కటే, రష్యా. ఆ ఒక్క ఓటుతో తీర్మానం వీగిపోయింది. దాన్నే వీటో అంటారు. 1945లో సమితి పెట్టినప్పటి నుంచి ఆ హక్కు అయిదు దేశాల చేతుల్లోనే ఉంది. రష్యా ఒక్కదాన్నే అనుకుంటే అన్యాయం. 2023 డిసెంబరు 8న గాజాలో కాల్పులు ఆపమన్న తీర్మానానికి 13 దేశాలు సరేనంటే అమెరికా ఒక్కటే వీటో చేసి అడ్డుపడింది. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు బీరువా తాళాలు నడుముకి కట్టుకుని, లెక్క అడిగితే చెప్పనంటే ఆ ఇల్లు ఎలా ఉంటుంది? ప్రపంచమూ అలాగే ఉంది.

ఇందులో ఒక చిన్న ఆశ కూడా ఉందండోయ్. లిక్టెన్‌స్టైన్ అని యూరప్‌లో ఒక బుల్లి దేశం. జనాభా మన ఒక చిన్న పట్నమంత. ఆ దేశం పూనుకుని 2022 ఏప్రిల్ 26న సర్వప్రతినిధి సభలో ఒక తీర్మానం నెగ్గించింది. ఇకమీదట ఎవరు వీటో వాడినా పది పనిదినాల్లోగా సభ అంతా కూర్చుని దాన్ని చర్చించాలి. వీటోని తీసెయ్యలేకపోయారు గాని, "ఎందుకు అడ్డుపడ్డావు?" అని అడిగే వీలు సంపాదించారు. అడగడం అనే ఈ మాటని గుర్తుంచుకోండి. నా ప్రసంగమంతా దాని గురించే.

మరి మన దేశం ఎందుకు తటస్థంగా ఉంది? ఇది కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టున్న వ్యవహారం. అప్పటికి మన పిల్లలు వేలమంది అక్కడే చిక్కుకుని ఉన్నారు. మన సైన్యం ఆయుధాల్లో చాలా భాగం రష్యావి. పైగా పాత స్నేహం ఒకటుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు భద్రతామండలిలో మనకి అండగా వీటో వేసింది సోవియట్ యూనియనే. వీటోని ఇవాళ తిట్టుకునే మనం ఆనాడు దాని నీడలోనే నిలబడ్డామని ఒప్పుకోవాలి. అయినా మన ప్రధాని 2022 సెప్టెంబరులో సమర్‌ఖండ్‌లో రష్యా అధ్యక్షుడి ఎదుటే, ఇది యుద్ధాల కాలం కాదన్నారు. మరోపక్క చవగ్గా వస్తోందని రష్యా ముడిచమురు కొనడం పెంచాం. యుద్ధానికి ముందు మన చమురు దిగుమతుల్లో నూటికి రెండు వంతులైనా లేనిది 2023కి మూడో వంతు దాటింది.

దానికీ ఒక మూల్యం పడింది. ఆ చమురు కొంటున్నామన్న కోపంతో అమెరికా మన సరుకుల మీద అదనపు సుంకం వేసింది. 2025 ఆగస్టు 27 నుంచి మొత్తం సుంకం 50 శాతానికి చేరింది. ఆ దెబ్బ ముందుగా తగిలిన వాటిలో మన కోస్తా జిల్లాల రొయ్యలు ఉన్నాయి. మన రొయ్యలకి పెద్ద బేరం అమెరికాయే. ఆ ఫ్యాక్టరీల్లో చన్నీళ్ళలో నిలబడి రొయ్యలు వలిచేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. మాస్కోలో, వాషింగ్టన్‌లో, ఢిల్లీలో జరిగిన నిర్ణయానికి భీమవరం వైపు ఒక ఇల్లాలు తన కూలి డబ్బులు లెక్కపెట్టుకోవలసి వచ్చిందన్నమాట. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అని మీకూ నాకూ అభిప్రాయభేదం ఉండవచ్చు. కాని ఎందుకు చేశారో మనకి చెప్పాలా అక్కర్లేదా? చెప్పాలి. మన ఇంటి ఖర్చుతో నడిచే నిర్ణయం అది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్రజాస్వామ్యం అంటే అయిదేళ్ళకోసారి వేలుమీద సిరాచుక్క అనుకుంటాం. నాకు అర్థమైనంతలో, ఏలేవాణ్ణి సంజాయిషీ అడగగలగడమే ప్రజాస్వామ్యం. అది లేనిచోట ఏం జరుగుతుందో రష్యాలోని తల్లుల్నే అడగండి. 1989లో అక్కడ 'సైనికుల తల్లుల' సంఘాలు పుట్టాయి. 1994 డిసెంబరులో చెచెన్యా మీద యుద్ధం మొదలైతే కొందరు తల్లులు స్వయంగా యుద్ధభూమికి వెళ్ళి, బందీలైన కొడుకుల్ని వెతికి ఇళ్ళకి తెచ్చుకున్నారు. 1995లో మాస్కో నుంచి శాంతియాత్ర చేశారు. 1996 ఆగస్టులో ఆ మొదటి యుద్ధం ఆగింది. తల్లుల వల్లే ఆగిందని నేననను. కాని ఆనాడు వాళ్ళు అడగగలిగారు, పత్రికలు రాయగలిగాయి.

2022 మార్చికి అదే దేశంలో కొత్త చట్టం వచ్చింది. సైన్యం గురించి ప్రభుత్వానికి గిట్టని సంగతి చెబితే అది అబద్ధపు ప్రచారమని 15 ఏళ్ళ దాకా జైలు. యుద్ధాన్ని యుద్ధం అనడమే నేరమైపోయింది. ఆ మార్చి 14న మెరీనా ఓవ్సియానికోవా అనే టీవీ ఉద్యోగిని వార్తలు చదువుతున్నావిడ వెనక నిలబడి, యుద్ధం వద్దు, ఈ ప్రచారం నమ్మకండి అని రాసిన అట్ట పట్టుకుంది. కొద్ది సెకండ్ల ముచ్చట. తరవాత ఆవిడ దేశం విడిచి పారిపోవలసి వచ్చింది. 2023లో ఆవిడ లేకుండానే ఎనిమిదిన్నరేళ్ళ శిక్ష వేశారు.

ఉక్రెయిన్‌లో అంతా సవ్యంగా ఉందని కాదు. సైనిక చట్టం అమల్లోకి రావడంతో 2024లో జరగవలసిన ఎన్నికలు వాయిదా పడ్డాయి. 2025 జూలై 22న అక్కడి పార్లమెంటు, లంచగొండితనం మీద దర్యాప్తు చేసే సంస్థల స్వతంత్రాన్ని తగ్గిస్తూ చట్టం చేసింది. ఆ రాత్రే జనం వీధుల్లోకి వచ్చారు. అట్టముక్కల మీద రాసుకుని కుర్రవాళ్ళు, ఆడపిల్లలు నిలబడ్డారు. పైన డ్రోన్లు తిరుగుతున్న రోజులవి! తొమ్మిది రోజులు తిరిగేసరికి, జూలై 31న, పార్లమెంటు ఆ చట్టాన్ని సరిదిద్దుకుంది. ఒక దేశంలో అట్టముక్క పట్టుకుంటే జైలు, పక్కదేశంలో అట్టముక్క పట్టుకుంటే చట్టం మారింది. తేడా అక్కడుంది.

అడిగినంత మాత్రాన అన్నీ ఆగిపోతాయా అంటే ఆగవు. 2003లో ఇరాక్ మీద యుద్ధం వద్దని లండన్ వీధుల్లో లక్షల మంది నడిచారు. అయినా యుద్ధం జరిగింది. ఉన్నాయని చెప్పిన మారణాయుధాలు దొరకనే లేదు. కాని అడిగేవాళ్ళు ఊరుకోలేదు. చివరికి 2016 జూలైలో విచారణ సంఘం నివేదిక వచ్చి, ఆ యుద్ధానికి దిగిన తీరు తప్పని చెప్పింది. కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు ఆ నివేదిక చేతుల్లో పట్టుకుని ఏడ్చారు. పోయినవాళ్ళు తిరిగిరారు. కాని ఇంకోసారి అలా చెయ్యబోయేవాడు ఒక క్షణం ఆలోచిస్తాడు.

మరి ఇంట్లో కూర్చున్న మనం ఏం చెయ్యగలం? కష్టమైన పనులేం చెప్పను. పేపర్లో విదేశీ వార్తల పేజీకి రోజుకి అయిదు నిమిషాలివ్వండి. పిల్లల గదిలో ప్రపంచ పటం ఒకటి తగిలించి, ఆ దేశం ఎక్కడుందో వాళ్ళనే వెతకమనండి. ఫోనులో వచ్చే యుద్ధం వీడియోలు చూసీ చూడగానే పదిమందికి పంపకండి. 2022లో అలా తిరిగినవాటిలో కొన్ని పిల్లలాడుకునే వీడియో ఆటలు! ఇక ఎన్నికలప్పుడు ఓటడగడానికి వచ్చిన పార్లమెంటు అభ్యర్థిని కుళాయి గురించీ, రోడ్డు గురించీ అడగండి, తప్పక అడగండి. దాంతోపాటు "బాబూ, ఫలానా దేశం విషయంలో మనవాళ్ళు అలా ఓటెందుకు వేశారు, మీ అభిప్రాయమేమిటి?" అని కూడా అడిగి చూడండి. ఆయన తెల్లబోతాడు. పరవాలేదు. వచ్చేసారి చదువుకుని వస్తాడు.

నెలాఖరుకి పాలవాడి లెక్కలో అరలీటరు తేడా వస్తే ఊరుకుంటామా మనం? చాకలిపద్దులో ఒక చీర తగ్గితే ఊరుకుంటామా? లెక్క అడగడం మనకి పుట్టుకతో వచ్చిన విద్య. దాన్ని గుమ్మం దాటించమనే నేను కోరేది.

మా వదినగారి అబ్బాయి చదువు కొంతకాలం ఆగి, తరవాత వేరే దేశంలో పూర్తయింది. వాడు ఇంటికొచ్చిన రోజున ఆవిడ నాకు బూరెలు పంపింది. "నూనె ఇంత ఖరీదులో ఎందుకండీ?" అంటే, "ఆ పిల్లలు అందరూ వచ్చేదాకా దేవుడి దగ్గర దీపం ఆర్పలేదు. దానికే ఎంత నూనె పోసానో! ఇంకో గరిటెడు ఎక్కువేముంది?" అంది. యుద్ధం చేసేవాళ్ళు ఆ లెక్కలు వెయ్యరు. వాళ్ళచేత వేయించవలసింది మనమే.